రోజుకి 28 కిలోమీటర్లు తిరిగే బండి

పోయిన నెల మా ఏస్ బండి (నాలుగు చక్రాల చిన్న సరుకు బండి) ఇన్సూరెన్స్ రెన్యువల్ కోసం శ్రీకాకుళం వెళ్ళాను. ఏజెంటు ముందు అప్పటికే ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళుంటాయి. పొందూరు వైపు నుంచి వచ్చాడు. అతనిదీ ఏస్ బండే, కూరగాయల లోడు వేస్తాడు. చేతిలో పాత పాలసీ కాగితం నాలుగు మడతలు పడి, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"అన్నా, ఇప్పటికి మూడు నెలలకి కట్టించుకోవా? మిగతాది పండగెళ్ళాక కట్టేస్తాను" అన్నాడు.

"అలాగ కుదరదు తమ్ముడూ. కడితే ఏడాదికీ ఒకేసారి కట్టాలి."

కుర్రాడు ఫోన్ తీసి ఏదో లెక్క చూసుకున్నాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "సరే అన్నా, మళ్ళీ వస్తాను" అని లేచాడు. బయట బండి స్టార్టయింది. వెనక ఖాళీ క్రేట్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న చప్పుడు రోడ్డు మలుపు దాకా వినిపించింది.

"అతని పాలసీ ఎప్పటికి అయిపోతుంది?" అని అడిగాను.

"ఎల్లుండికి."

"మరి?"

"పండగెళ్ళాక వస్తాడు సార్. రాకపోతే నేదు. సగం మంది అంతే" అని నా కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

నెల రోజులైనా ఆ మాట నన్ను వదలలేదు. ఆ కుర్రాడు దొంగ కాదు, నిర్లక్ష్యం మనిషీ కాదు. గడువుకి రెండు రోజుల ముందే వచ్చాడు. కట్టడానికే వచ్చాడు. ఉన్నంత కడతానన్నవాణ్ణి మనమే ఉత్త చేతులతో వెనక్కి పంపించాం. చిన్న సరుకు బండ్ల ఇన్సూరెన్స్ ఖరీదు గురించి ఏటా గొణుక్కోవడం నాకు అలవాటే, కాని అసలు తప్పు ఎక్కడుందో ఈసారి కూర్చుని ఆలోచించాను. రేటు ఎక్కువా? రేటు కట్టే పద్ధతి తప్పా?

మా చిన్నాన్న సైకిలు

ముందు ఒక సంగతి చెప్పాలి. ఇన్సూరెన్స్ దండగ, థర్డ్ పార్టీ (మన బండి గుద్దితే బయటివాళ్ళకి పరిహారం ఇచ్చే పాలసీ) ఎత్తేయాలి అనేవాళ్ళతో నేను కలవను. కలవలేను.

2013లో మా చిన్నాన్న రైసుమిల్లులో పని ముగించుకుని సైకిలు మీద ఇంటికి వస్తుంటే, వెనక నుంచి ఒక లగేజీ వ్యాను కొట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయాడు. నలభై ఒక్క ఏళ్ళు. సైకిలు వెనక చక్రం మాత్రమే వంకరపోయింది, మిగతాదంతా బాగానే ఉంది. చాలా రోజులు దాన్ని ఇంటి వెనక గోడకి ఆనించి ఉంచారు. తీసేద్దామని ఎవరమూ అనలేకపోయాం.

ఆ వ్యాను ఇన్సూరెన్స్ అయిపోయి 23 రోజులు. కట్టకూడదని కాదు, ధాన్యం కిరాయిలు చేతికొచ్చాక కడదామని ఆగాడట ఓనరు. కేసు మూడేళ్ళు నడిచింది. ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఆరు లక్షల చిల్లర ఇవ్వాలంది. ఎవరు ఇవ్వాలి? ఓనరే ఇవ్వాలి. అప్పటికే బండి ఫైనాన్సు వాళ్ళు పట్టుకుపోయారు. ఇల్లు అతని తండ్రి పేరు మీద ఉంది. డబ్బు రాబట్టడానికి మళ్ళీ ఇంకో పిటిషను, మళ్ళీ వాయిదాలు. ఇన్నేళ్ళలో మా చిన్నమ్మ చేతికి ముక్కలు ముక్కలుగా వచ్చింది లక్షా నలభై వేలు.

అతను చెడ్డవాడు కాదు. మొదట్లో కొన్ని నెలలు ప్రతి ఆదివారం వచ్చి, గుమ్మం బయటే నిలబడి బియ్యం ఇచ్చి వెళ్ళేవాడు. చిన్నమ్మ ఎప్పుడూ తిట్టలేదు. బియ్యం తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఆ 23 రోజులు రెండు ఇళ్ళు తీశాయి.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే చనిపోయినవారి కుటుంబానికి 2022 ఏప్రిల్ 1 నుంచి 2 లక్షలు ఇస్తున్నారు, అంతకుముందు అది 25 వేలే. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలిన ఎవరికైనా మొదటి ఏడు రోజులూ లక్షన్నర దాకా నగదు లేని వైద్యం అన్నారు. చాలా మంచి పని. కాని అది ఆసుపత్రి ఖర్చు. మనిషి పోయిన తర్వాత ఆ ఇంటి బతుకు నడవాలంటే ఇప్పటికీ గుద్దిన బండి పాలసీయే దిక్కు. అందుకే ఒక బండి ఓనరుగా ప్రీమియం గురించి ఏం రాసినా, ఆ సైకిలుని తలుచుకునే రాస్తాను.

కాగితం మీద ఉన్న లెక్క

మాది ఆమదాలవలసలో చిన్న వాటర్ ప్లాంటు. ఏస్ బండి మీద 20 లీటర్ల టిన్నులు ఇళ్ళకీ, కొట్లకీ వేస్తాం. పదకొండేళ్ళ బండి కాబట్టి థర్డ్ పార్టీ ఒక్కటే కడుతున్నాను. 2022 జూన్ 1 నుంచి వచ్చిన రేట్ల ప్రకారం బేసిక్ 16,049 రూపాయలు. దాని మీద జీఎస్టీ. సరుకు బండ్ల థర్డ్ పార్టీ మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. దాంతో 1,926 ఉన్న పన్ను 802 అయింది. పదకొండు వందల పైచిలుకు మిగిలింది, కాదనను. మొత్తం 16,851. డ్రైవరు కోసం వేసే 50 రూపాయల్లాంటి చిల్లర దీనికి అదనం.

ఒక టిన్ను ఇంటికి వేస్తే కరెంటు, డీజిలు, జీతం పోను నాకు మూడు రూపాయలు మిగులుతాయి. అంటే 5,600 టిన్నులు. రోజుకి 150 వేస్తాం. ముప్పై ఏడు రోజులు మా ప్లాంటు ఇన్సూరెన్స్ కోసమే నడుస్తుంది.

ఆర్సీలో మా బండి బరువు, సరుకుతో కలిపి, 1,550 కేజీలు. ప్రీమియం పట్టికలో మాత్రం సరుకు బండ్లకి మొదటి గీత 7,500 కేజీల దగ్గర గీశారు. అంతకు లోపల ఉన్న నాలుగు చక్రాల బండ్లన్నిటికీ ఒకే రేటు. సరుకుతో ఏడు టన్నులు తూగే లారీ, వీధిలో నీళ్ళు వేసే మా బండి, రెండూ 16,049 కట్టాలి. మూడు చక్రాల గూడ్సు ఆటో అయితే 4,492. మా ప్లాంటు పక్కనే ఇంకో కుర్రాడు గూడ్సు ఆటో మీద ఇవే టిన్నులు, ఇవే వీధుల్లో వేస్తాడు. ఒక చక్రం తేడాకి 11,557 రూపాయల తేడా. ఈ తేడాకి కారణం నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఏజెంటుని అడిగితే "స్లాబు సార్" అన్నాడు.

తర్వాత తిరుగుడు లెక్క వేశాను. మా బండి రోజుకి 28 కిలోమీటర్లు. ఏడాదికి మూడొందల రోజులు వేసుకున్నా 8,400. అంటే థర్డ్ పార్టీకే కిలోమీటరుకి రెండు రూపాయలు. సాలూరులో మా బావకి పన్నెండు టైర్ల లారీ ఉంది, రాయపూర్ వైపు తిరుగుతుంది. పోయిన ఏడాది మీటరు 80 వేలు దాటిందన్నాడు. 20 నుంచి 40 టన్నుల స్లాబులో అతను కట్టేది 43,950, పన్నుతో 46,148. కిలోమీటరుకి 58 పైసలు. నాలుగు రాష్ట్రాల రోడ్ల మీద రాత్రీ పగలూ తిరిగే లారీ కంటే, ఆమదాలవలస దాటని బండి కిలోమీటరుకి మూడు రెట్లకి పైగా కడుతోంది.

ఈ లెక్క కనిపెట్టానని సంతోషంగా బావకి ఫోన్ చేశాను. ఆయన అంతా విని నింపాదిగా అన్నాడు:

"నీ ఇరవయ్యెనిమిది కిలోమీటర్లూ ఊళ్ళోవి రా. సందులు, బడి పిల్లలు, గేదెలు, ముసలోళ్ళు. నాది హైవే. ఎవుడు ఎక్కువ భయపడాలి?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. మా చిన్నాన్నని కొట్టింది కూడా లారీ కాదు, ఊళ్ళో తిరిగే వ్యానే.

ఒక ప్రాణం, రెండువందల బండ్లు

బావ మాట తర్వాత అవతలి వైపు నుంచి లెక్క వేసి చూశాను. ఇన్సూరెన్స్ వాళ్ళకి చిన్న బండి చౌకా?

కోర్టులు పరిహారం ఎలా లెక్క కడతాయో మా చిన్నాన్న కేసు పుణ్యమాని కొంత నేర్చుకున్నాను. 2009లో సరళా వర్మ కేసు, 2017లో ప్రణయ్ సేఠీ కేసు, ఈ రెండు సుప్రీంకోర్టు తీర్పులే ఇప్పుడు కొలబద్ద. ముప్పై ఏళ్ళ మనిషి, సొంతంగా పని చేసుకుని నెలకి 15 వేలు సంపాదిస్తున్నాడు, ఇంట్లో నలుగురు అతని మీద ఆధారపడ్డారు అనుకుందాం. ఏడాదికి 1,80,000. ముందు ముందు పెరగబోయే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకి 17తో హెచ్చవేయాలి. 32 లక్షల 13 వేలు. అంత్యక్రియలు లాంటివాటికి ఇచ్చే మొత్తం దీనికి పైన.

ఈ లెక్కలో ఎక్కడా బండి బరువు లేదు. గుద్దింది పదహారు చక్రాలదా, నాలుగు చక్రాలదా అని ఎవరూ అడగరు. ప్రాణానికి, ఒంటికి జరిగిన నష్టానికి థర్డ్ పార్టీ పాలసీలో పైపరిమితి అంటూ లేదు. ఎంత తీర్పొస్తే అంత ఇవ్వాల్సిందే. 32,13,000ని 16,049తో భాగించాను. రెండువందలు వచ్చింది. రెండువందల ఏస్ బండ్లు ఏడాదంతా కట్టిన సొమ్ము ఒక్క ఇంటికి వెళుతుంది. అలా వెళ్ళాలి కూడా. మా చిన్నమ్మకి వెళ్ళనిది అదే.

కాబట్టి "మా బండి చిన్నది, మాకు బాగా తగ్గించండి" అని గట్టిగా అనే ధైర్యం నాకు పోయింది. అందరికీ తగ్గిస్తే ఆ రెండువందల బండ్లు మూడువందలవ్వాలి. ఆ సొమ్ము ఎవరో ఒకరు పెట్టుకోవాలి.

కాని రెండు ప్రశ్నలు అలాగే ఉన్నాయి. మొదటిది, పదకొండేళ్ళుగా మా బండి మీద ఒక్క కేసు లేదు, ఒక్క క్లెయిము లేదు. మా డ్రైవరు బడి వదిలే వేళకి ఆ వీధి వదిలేసి చుట్టూ తిరిగి వస్తాడు. సొంత బండి నష్టానికి తీసుకునే పాలసీలో క్లెయిము లేకుండా గడిపితే 20 శాతంతో మొదలై 50 శాతం దాకా తగ్గిస్తారు. థర్డ్ పార్టీకి అలాంటిది లేదు. పదకొండేళ్ళు జాగ్రత్తగా నడిపినవాడూ, ఏటా ఎవరినో ఒకరిని కొట్టేవాడూ ఒకటే కడతారు. బావ అన్నట్టు ఊరి రోడ్లే ప్రమాదమైతే, ఆ రోడ్ల మీద పదకొండేళ్ళు ఎవరికీ దెబ్బ తగలకుండా నడిపినవాడికి కొంత గుర్తింపు ఉండొద్దూ?

రెండోది తిరుగుడు. 2022 జులైలో బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంత ప్రీమియం అనే పద్ధతికి అనుమతి ఇచ్చింది. అదీ సొంత నష్టం భాగానికే. మాలాంటి పాత బండ్లవాళ్ళం తీసుకునేది థర్డ్ పార్టీ ఒక్కటే కాబట్టి ఆ వెసులుబాటు మా దాకా రాదు. మీటర్లు తిప్పేస్తారు, ఎవరు నమ్ముతారు అంటారు. నిజమే, తిప్పేవాళ్ళు ఉన్నారు. కాని ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండిని ఏటా ఫిట్‌నెస్‌కి చూపించాలి. అక్కడ బ్రేకులు చూస్తారు, లైట్లు చూస్తారు, మీటరు వాళ్ళ కళ్ళ ముందే ఉంటుంది. ఆ అంకె ఒకచోట రాసి పెడితే మూడేళ్ళలో ఏ బండి ఎంత తిరుగుతుందో తెలిసిపోతుంది.

వాయిదా

ఇవన్నీ ఉన్నా, ఆ పొందూరు కుర్రాణ్ణి వెనక్కి పంపింది రేటు కాదు. పదహారు వేలు ఒకే రోజు కట్టమనడం.

అతను కూరగాయలు వేసేవాడు. రోజు కిరాయి రోజు వస్తుంది, రోజు పోతుంది. రోజుకి 47 రూపాయలు తియ్యమంటే తీస్తాడు. నెలకి 1,405 కట్టమంటే తిట్టుకుంటూ కడతాడు. 16,851 ఒకే రోజు కావాలంటే రెండే దారులు. రోజువారీ ఫైనాన్సు దగ్గర నూటికి మూడు వడ్డీకి తేవాలి. లేదా పండగెళ్ళే దాకా పోలీసులకి దొరక్కుండా తిరగాలి. దొరికితే జరిమానా మొదటిసారి 2,000, రెండోసారి 4,000. చట్టంలో మూడు నెలల దాకా జైలు కూడా ఉంది, కాని బండ్లవాళ్ళు మాట్లాడుకునేది జరిమానా గురించే. రెండు వేలా, పదహారు వేలా? చేతిలో డబ్బు లేనివాడు ఎటు మొగ్గుతాడో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆ లెక్కలో రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళే మనిషి ఎక్కడా లేడు.

వాయిదాలు ఎందుకు ఇవ్వరంటే 1938 ఇన్సూరెన్స్ చట్టంలో 64వీబీ అని ఒక సెక్షను ఉంది. ప్రీమియం ముందు చేతికి అందాకే పూచీ మొదలవ్వాలని దాని సారం. అప్పు మీద పాలసీలు రాసి తర్వాత డబ్బు రాక కంపెనీలు మునిగిపోకుండా పెట్టుకున్న కట్టడి. సబబే. కాని ఆరోగ్య బీమాకి 2019లోనే నెలనెలా, మూడు నెలలకోసారి కట్టే వీలు ఇచ్చారు. జ్వరాల పాలసీకి దొరికిన దారి బండి పాలసీకి దొరకదా?

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. నేనే దాంతో రెండు రోజులు తగువు పడ్డాను. రెండో వాయిదా కట్టకపోతే? పాలసీ మధ్యలో ఆగిపోతుంది, ఓనరు గమనించడు, ఆ వారంలోనే ప్రమాదం జరుగుతుంది. మళ్ళీ 23 రోజుల కథే, ఏడాదికి ఒకసారి బదులు నాలుగుసార్లు. నేను అడుగుతున్నదే ఇంకో చిన్నమ్మకి ఎసరు పెడుతుందేమో అని భయం వేసింది.

నాకు తోచిన జవాబు ఇది. వాయిదా తప్పినా, ఏడాది పూర్తయ్యే దాకా బయటివాళ్ళ విషయంలో పాలసీ చెల్లినట్టే ఉండాలి. కంపెనీ ముందు బాధితులకి ఇచ్చి, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోవాలి. ఇది కొత్త ఆలోచన కాదు. షరతు తప్పిన ఓనర్ల విషయంలో "ముందు కంపెనీ చెల్లించాలి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి" అని కోర్టులు ఎన్నో కేసుల్లో చెప్పాయి. ఓనరు దగ్గర రాబట్టే తిప్పలు భర్త పోయిన ఆడమనిషి పడాలా, వకీళ్ళు ఉన్న కంపెనీ పడాలా? వాయిదా తప్పిన బండి పేరు రవాణా శాఖ కంప్యూటర్లో ఎర్రగా కనిపిస్తే చాలు, ఫిట్‌నెస్ దగ్గర ఆపేస్తారు. కంపెనీకి కొంత నష్టం వస్తుంది. వాయిదాల మీద కట్టేవాళ్ళ దగ్గర ఐదారు వందలు అదనంగా తీసుకోనివ్వండి. ఫైనాన్సు వడ్డీ కంటే అదే నయం.

కొన్నవాడికి తెలియని సరుకు

ఇంత కట్టి ఏం కొంటున్నామో మాలో చాలామందికి తెలియదు. ఇది కూడా ఖరీదులో భాగమే అని నా అభిప్రాయం.

రథసప్తమి వస్తే మా వీధివాళ్ళు అరసవల్లి తీసుకెళ్ళమంటారు. విజయనగరంలో పైడితల్లి సిరిమానుకి తీసుకెళ్ళమంటారు. పెళ్ళిళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. "వెనకాల పదిమందిమి కూర్చుంటాం, పట్టుమని పదిహేను కిలోమీటర్లు నేదు" అంటారు. నేను ఒప్పుకోను. మా మేనత్త రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. సరుకు బండిలో ఎక్కిన ప్రయాణికులకి థర్డ్ పార్టీ పాలసీ వర్తించదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు ఓనరో, అతని మనిషో సరుకుతో పాటు ఎక్కితే వర్తిస్తుంది. పెళ్ళివారికి కాదు. ఉత్తరాంధ్రలో ట్రాక్టరు తొట్టెల్లోనూ, ఏస్‌ల మీదా జాతర్లకి వెళ్ళేవాళ్ళని చూసినప్పుడల్లా నా గుండె జారిపోతుంది. ఓనరు పదహారు వేలు కట్టానన్న ధీమాతో ఉంటాడు. ఎక్కినవాళ్ళు బండికి ఇన్సూరెన్స్ ఉందన్న ధీమాతో ఉంటారు. ఆ ధీమా ఆ ప్రయాణానికి పనికిరాదు.

మంచి కబురు కూడా ఒకటుంది. మామూలు కారు లైసెన్సుతో ఏస్ నడిపాడని చెప్పి కంపెనీలు క్లెయిములు తిప్పికొట్టే రోజులు ఉండేవి. 7,500 కేజీలు దాటని సరుకు బండిని ఆ లైసెన్సుతోనే నడపవచ్చని 2017లో వచ్చిన తీర్పుని, 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఖాయం చేసింది. ప్రీమియం పట్టికలో మమ్మల్ని ఏడు టన్నుల లారీ పక్కన నిలబెట్టిన అంకె, లైసెన్సు దగ్గర మమ్మల్ని కాపాడింది. అందుకే 7,500 గీతని చెరిపేయమని అడగను. దాని లోపల ఇంకో గీత గీయమంటాను.

సొంత వాడకానికని తీసుకుని కిరాయికి తిప్పే తెల్లబోర్డు కార్ల సంగతి వేరే రాయాలి, ఇక్కడ ఒక్క మాట. విజయనగరం నుంచి విశాఖ ఆసుపత్రులకి పేషెంట్లని తీసుకెళ్ళే ఒకాయన నాకు తెలుసు. పసుపు బోర్డు. 1000 సీసీ దాటి 1500 లోపు టాక్సీకి థర్డ్ పార్టీ 7,940, పైన ఒక్కో ప్రయాణికుడికి 978. నలుగురికి లెక్కేస్తే 11,852. అదే కారు తెల్లబోర్డు మీద 3,416. ఆయన పక్కనే నలుగురు తెల్లబోర్డులు అదే కిరాయికి వెళుతుంటారు. అందులో ఎక్కిన పేషెంటుకి ఏమైనా అయితే, కిరాయికి తిప్పారని కంపెనీ అడ్డం తిరుగుతుంది. సక్రమంగా కట్టినవాడికి బేరం పోతోంది, కట్టనివాడి బండి ఎక్కినవాడికి భరోసా పోతోంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. 2019లో వాహనమిత్ర కింద ఆటోలు, టాక్సీలవాళ్ళకి ఏడాదికి 10 వేలు ఇచ్చారు, ఇన్సూరెన్స్‌కీ ఫిట్‌నెస్‌కీ అని. 2025 అక్టోబరు 4న ఆటో డ్రైవర్ల సేవలో పేరుతో 15 వేలు ఇచ్చారు. మనుషుల్ని ఎక్కించుకునే బండ్లవాళ్ళకి అది నిజంగా ఊరట. సరుకు బండ్లకీ ఇమ్మని కొందరు మిత్రులు అడుగుతున్నారు. నాకు అది అంత ఇష్టంగా లేదు. ఏడాదికోసారి ఖాతాలో పడే డబ్బు రెన్యువల్ తేదీ నాటికి ఉండదు, పిల్లల ఫీజుకి పోతుంది. నాకైనా అంతే.

రాసి పెట్టుకున్న ఉత్తరం

థర్డ్ పార్టీ రేట్లు మార్చేముందు కేంద్ర రవాణా శాఖ ముసాయిదా పెట్టి జనం అభిప్రాయాలు అడుగుతుంది. 2022 మార్చిలో అలాగే అడిగారు. అప్పుడు నాకు తెలియలేదు. ఈసారికి ముందే ఉత్తరం రాసి పెట్టుకున్నాను. 7,500 లోపల రెండు టన్నుల దగ్గర ఇంకో స్లాబు పెట్టాలని, క్లెయిము లేని ఏళ్ళకి థర్డ్ పార్టీలోనూ తగ్గింపు ఇవ్వాలని, ఫిట్‌నెస్ దగ్గర మీటరు అంకె రాయాలని, మూడు నెలల వాయిదాలు ఇవ్వాలని అడిగాను. వీటిలో ఒక్కటే ఇస్తామంటే వాయిదా ఇవ్వండి, నా రేటు పైసా తగ్గించకపోయినా ఫర్వాలేదు అని కూడా రాశాను. మా బండి ఆర్సీ, పదకొండేళ్ళ పాలసీ కాగితాలు జతచేస్తున్నాను.

మొన్న ఆదివారం వరండాలో కూర్చుని దాన్ని సాపు చేస్తుంటే చిన్నమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఏటి రాస్తన్నావు బాబూ అంది. చదివి వినిపించాను. స్లాబులు, శాతాలు వచ్చినంతసేపూ కొంగు అంచు సవరించుకుంటూ వింది. వాయిదాల దగ్గరికి వచ్చేసరికి తలెత్తింది.

"ఆ ఇరవై మూడు రోజుల సంగతి రాసావా?"

రాయలేదని చెప్పాను. ప్రభుత్వానికి రాసే ఉత్తరంలో ఇంటి విషయాలు ఎందుకని వదిలేశాను.

"రాయి" అంది. "ఆ వ్యాను బాబు పేరు రాయకు. రోజులు రాయి."

రెండో పేజీ చింపేసి మళ్ళీ మొదలుపెట్టాను.